కఫీల్ గారి గుమ్మం

ఈ దేశంలో మన వీసాకు పూచీ పడే మనిషిని కఫీల్ అంటారు. కఫీల్‌కు కోపం వస్తే మనం సామాను సర్దుకోవాలి. షార్జా పక్కన సజ్జా లేబర్ క్యాంపుల్లో ఉండే మనవాళ్ళు కఫీల్ మాట వస్తే చాలు, గొంతు తగ్గించి అటూ ఇటూ చూస్తారు. నేను తగ్గించను. తగ్గించినా ప్రయోజనం లేదు. నా కఫీల్ ఈ గోడ అవతలే చింతపండు పిసుకుతూ ఉంటుంది. గోడలో నుంచి కూడా వింటుంది. నా కఫీల్ మా ఆవిడే.

ఆవిడ పేరు అడక్కండి. నా పేరు కూడా ఇప్పుడే అడక్కండి. ఆ రెండు పేర్లూ ఈ కథలో ఉన్నాయి, వేళ వచ్చినప్పుడు అవే బయటపడతాయి.

నేను గోదావరి మీద బల్లకట్టు నడిపినవాణ్ణి. నా బల్లకట్టు ఎక్కిన పెళ్ళివారు అవతలి ఒడ్డున దిగేసరికి మనవలను ఎత్తుకుని దిగారని గిట్టనివాళ్ళు చెప్పుకుంటారు. అంత నెమ్మదిగా నడిపేవాడినని వాళ్ళ వెటకారం. అసలు సంగతేమిటంటే, ఆ రోజు వరద. గోదావరి అంత వెడల్పుగా ఉంది. నా తప్పేం లేదు. తర్వాత రేవులో వంతెన కట్టారు, నా బల్లకట్టు ఒడ్డెక్కింది. ఆ వంతెన కట్టిన బీహారు మేస్త్రీల దగ్గరే నేను హిందీ నేర్చుకున్నాను. నా పొట్ట కొట్టినందుకు నాకు దక్కిన పరిహారం అదొక్కటే.

మా ఆవిడ వంతెనకు చాలా ముందే దుబాయ్ వెళ్ళింది. ఈ దేశంలో ఏ మూలకు వెళ్ళినా మా ఊళ్ళో దుబాయ్ అనే అంటారు. ఆవిడ వెళ్ళింది ఖోర్ ఫక్కాన్‌కు. వెనక రాతి కొండలు, ముందు సముద్రం, మధ్యలో ఓడరేవు, మిగిలిన కాస్త చోటులో ఊరు. అక్కడ ఒక పెద్ద ఇంట్లో వంట చేసింది, వాళ్ళ పిల్లలను పెంచింది. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక ఆ ఇంటావిడే దగ్గరుండి ఓడరేవు రోడ్డులో టిఫిన్ కొట్టు పెట్టించింది. కొట్టు లైసెన్సు మా ఆవిడ పేరు మీద ఉంది. మేడ మీద ఇంటి అద్దె కాగితం ఆవిడ పేరు మీదే ఉంది. పెసరట్టు కోసం లారీవాళ్ళు రోడ్డు వారన వరస కట్టి నిలబడతారు. ఇది మాత్రం నేను కల్పించింది కాదు.

ఏడాదికోసారి సెలవు మీద ఇంటికి వచ్చేది. మా కాపురమంతా సెలవుల్లోనే జరిగింది. మా అమ్మాయి శాంతిప్రియ కూడా సెలవుల్లోనే పుట్టింది, సెలవుల్లోనే పెళ్ళి చేసుకుంది. అమ్మాయి అత్తవారింటికి వెళ్ళాక, వంతెన కింద కూర్చుని పైన పోయే లారీలను చూసే నాకు మా ఆవిడ టూరిస్టు వీసా పంపింది. "చుట్టపు చూపుగా వచ్చి చూసిపోండి" అంది.

వచ్చాను. విమానంలో నాకు కిటికీ పక్క సీటు ఇచ్చారు. మేఘాల మీద వెళ్తుంటే పాత అలవాటు కొద్దీ చెయ్యి బయట పెట్టి లోతు చూద్దామనుకున్నాను, అద్దం అడ్డొచ్చింది. దిగిన మర్నాటి నుంచి కొట్టు ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాను. లారీవాళ్ళకు పులస చేపల కథలు చెప్పేవాణ్ణి. పాకిస్తానీ డ్రైవరొకడు నా కథ సగంలో ఉండగా లేవలేక మూడో అట్టు తిన్నాడు. మా ఆవిడ పెనం దగ్గర నుంచి అదంతా చూస్తూనే ఉంది.

ఒకరోజు మధ్యాహ్నం రద్దీ తగ్గాక, పెనం గీకుతూ, నా వైపు చూడకుండా అంది.

"ఏవండీ, ఇక్కడే ఉండిపోతే ఏం పోయిందండీ?"

"ఎంతకాలం?"

"ఉన్నంతకాలం."

"ఏ హోదాలో?"

"పప్పు రుబ్బే హోదాలో" అని మళ్ళీ పెనం గీకడం మొదలుపెట్టింది.

మా కొట్టు పక్కనే మీరా హుస్సేన్ టైపింగ్ సెంటర్ ఉంది. వీసా అర్జీలన్నీ టైపు చేసి పంపే కొట్టు. మీరా హుస్సేన్‌ది నెల్లూరు. మా ఆవిడను అక్కా అంటాడు, ఆ లెక్కన నేను వాడికి బావను. బావననే చనువు ఒక్క పూట కూడా వృథా పోనివ్వడు.

"ఏంది బావా, వెనక్కి పొయ్యి మళ్ళా వచ్చేదెందుకు?" అన్నాడు. "టూరిస్టుగా వచ్చినా లోపలుండంగానే మార్చేయొచ్చు. అక్కకి లైసెన్సు ఉండాది, ఇల్లుండాది. అక్క నీకు కఫీల్. పెళ్ళి కాగితం ఒకటి ఉంటే ఖలాస్."

"కాదంటే?"

"నీ టూరిస్టు గడువు దగ్గరికొచ్చేసింది. అది తీరేలోపల వీసా ఆఫీసువాళ్ళు సరేననాల. అనకపోతే నువ్వు విమానం ఎక్కాల్సిందే."

మా ఆవిడ ఇంకాస్త గట్టిగానే చెప్పింది. "ఇది తిరక్కొడితే మళ్ళీ మొదట్నించీ తిరిగే ఓపిక నాకు లేదండీ. కొట్టు మూసి నేను రాలేను. మీరక్కడా నేనిక్కడా, ఇంక అంతే."

ఆ మాట విన్నాక నేను పులస కథ మధ్యలో ఆపేశాను. అలా ఆపడం అదే మొదలు.

పెళ్ళి కాగితం సంగతి చెప్పాలి. మా పెళ్ళికి కాగితం ఎక్కడిది? పెద్ద తుఫాను వచ్చిన ఏడాది మా పెళ్ళి. ఫొటోలు, శుభలేఖలు అన్నీ ఏట్లో కలిశాయి. కిందటిసారి సెలవుకు వచ్చినప్పుడు మా ఆవిడ "బ్యాంకు పనుంది, తెల్లచొక్కా వేసుకోండి" అని నన్ను టౌనుకు తీసుకెళ్ళింది. అక్కడి రిజిస్ట్రారు ఆఫీసులో గుమస్తా పెళ్ళి ఫొటో అడిగాడు. లేదన్నాం. "అయితే గుళ్ళో మళ్ళీ దండలు మార్చుకుని ఫొటో పట్రండి, ఆ తేదీతో రాసేస్తాను" అన్నాడు. పక్కనున్న గుళ్ళోనే మార్చుకున్నాం. పెళ్ళికూతురి తరఫు పెద్దగా మా అమ్మాయి నిలబడింది. బ్యాంకు పనులు ఇలాగే ఉంటాయి కాబోలనుకుని నేను పులిహోర తిని ఇంటికి వచ్చాను.

ఇప్పుడు ఆ కాగితం మా ఆవిడ ట్రంకు పెట్టెలో నుంచి బయటికి వచ్చింది. మీరా హుస్సేన్ దాన్ని వెనక్కి తిప్పి చూసి ఈల వేశాడు.

"ఢిల్లీ ముద్ర, ఎంబసీ ముద్ర, ఈడి సర్కారు ముద్ర, అరబ్బీ తర్జుమా, అన్నీ అయిపోయుండాయే! ఎప్పుడు చేయించావక్కా?"

మా ఆవిడ పెనం వైపు తిరిగింది. పెనం అప్పటికే అద్దంలా ఉంది, అయినా గీకుతోంది. నన్ను ఉండిపొమ్మని అడగకముందే ఎన్నాళ్ళుగా అనుకుంటోందో అప్పుడు తెలిసింది నాకు.  

అర్జీ వెళ్ళింది. రెండు రోజుల్లో కబురు వచ్చింది. ఇద్దరూ వీసా ఆఫీసుకు వచ్చి కనపడాలట. మీరా హుస్సేన్ కూడా తోడు వచ్చాడు.

కౌంటరు వెనక నల్లటి అబాయాలో ఒక అధికారిణి కూర్చుని ఉంది. మా అమ్మాయి వయసు ఉంటుంది. హిందీ నాకంటే బాగా మాట్లాడుతుంది. నేను మీ కోసం తెలుగులో చెబుతున్నాను.

"మీ పెళ్ళి ఎప్పుడయింది?" అని నన్ను అడిగింది.

"పెద్ద తుఫాను ఏడాదండి మేడం. మా పెళ్ళిపందిరి గాలికి లేచి ఏటి అవతల ఊళ్ళో దిగింది. అక్కడ పందిరి లేని పెళ్ళివారు ఎవరో ఉంటే, దాని కిందే వాళ్ళ పెళ్ళి కూడా అయిపోయింది."

ఆమె కాగితం చూసింది. నన్ను చూసింది. "ఇందులో పోయినేడు అని ఉంది."

"అది రెండోదండి."

"రెండో పెళ్ళా?"

"రెండోదేనండి. ఈవిడతోనే."

"మధ్యలో విడాకులా?"

"లేదండి. మధ్యలో సెలవులు."

వెనక కుర్చీలో మీరా హుస్సేన్ తల పట్టుకున్నాడు. "యా అల్లా! బావా, కాసేపు నోరు కట్టేసుకోగూడదా?" అని సణిగాడు.

అధికారిణి నన్ను గోడ పక్కన నిలబడమని చెయ్యి చూపించి, మా ఆవిడను దగ్గరికి పిలిచి కుర్చీలో కూర్చోబెట్టింది. గొంతు తగ్గించింది గానీ నాకు వినపడుతూనే ఉంది.

"అమ్మా, నీకు కొట్టు ఉంది, సంపాదన ఉంది. ఈయన టూరిస్టుగా వచ్చాడు. పెళ్ళి పోయినేడు. వీసా కోసం నీలాంటివాళ్ళ చేత కాగితం పెళ్ళి చేయించేవాళ్ళు ఉంటారు. నిన్నెవరైనా భయపెడుతున్నారా?"

"లేదు మేడం."

"ఈయన ఎవరు?"

"మా ఆయన."

"పేరు?"

మా ఆవిడ నోరు మూతబడింది.

లారీవాళ్ళు వరస తప్పితే ఉర్దూలోనూ అరబ్బీలోనూ కడిగేసే మనిషి. గ్యాసు బండలవాడు ఆలస్యం చేస్తే వాడి ముదీర్‌కే ఫోను చేసి, మేనేజరని కూడా చూడకుండా దులిపేసే మనిషి. ఆ మనిషి పైకప్పు వంక చూసింది, నేల వంక చూసింది, "మీ ముందు కాగితంలో ఉంది మేడం" అంది.

"కాగితం నేను చదవగలను. నువ్వు చెప్పు."

"మా శాంతిప్రియ నాన్న."

"అది కూతురి పేరు. ఈయన పేరు?"



మావైపు ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు. పలికితే ఆయుష్షు తగ్గుతుందని నమ్మకం. మొగవాళ్ళం మాత్రం తక్కువా? ఇదిగో, ఏమోయ్, ఎక్కడున్నావ్ అంటూ జన్మంతా గడిపేస్తాం. పెళ్ళి చేసుకుని ఇంటికి వచ్చిన రోజున గుమ్మంలో మా అక్క మంగ చేతులు అడ్డం పెట్టి నిలబడింది. ఒకరి పేరు ఒకరు చెబితేనే లోపలికి రానిస్తానంది. అందరి ఇళ్ళల్లోనూ ఉన్న వేడుకే. పెళ్ళికూతురు సిగ్గుపడుతుంది, చివరికి చెబుతుంది, అందరూ నవ్వుతారు. మా ఆవిడ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. నిలబడి నిలబడి మా కాళ్ళకు వేళ్ళు మొలిచాయి. చివరికి మా నాన్న ఆకలికి ఆగలేక, మమ్మల్ని పెకిలించి దొడ్డి గుమ్మంలో నుంచి లోపలికి లాక్కుపోయాడు. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఆ పేర్లు రెండూ పలకకుండానే ఉండిపోయాం.

ఇప్పుడు గుమ్మం ఇక్కడికి వచ్చింది. మా అక్కకు బదులు ఈమె కూర్చుంది. ఇక్కడ దొడ్డి గుమ్మం లేదు.

మీరా హుస్సేన్ లేచి, "మేడం, ఆయన పేరు..." అన్నాడు. ఆమె వేలు ఎత్తింది. "నువ్వు కాదు. పూచీ పడేది ఆమె. ఆమె నోటితోనే వినాలి." అని ఫైలు పక్కకు జరిపింది. "పేరు కూడా చెప్పలేని మనిషికి పూచీ ఎలా పడతావమ్మా? నువ్వు భయపడుతున్నావని నాకు అర్థమవుతోంది."

ఆ ఫైలు పక్కకు జరగడం చూశాక నా కాళ్ళు ఆగలేదు.

"భయమేనండి మేడం! నా మీద కాదు, నా ఆయుష్షు మీద. ఆవిడ నా పేరు చెబితే నేను పోతానని. మా ఊళ్ళో ఒకావిడ పొరపాటున పలికితే వాళ్ళాయన అక్కడికక్కడే జానెడు పొట్టి అయిపోయాడు. చొక్కాలన్నీ మళ్ళీ కుట్టించుకోవాల్సి..."

"మీరు ఆగండి" అంది మా ఆవిడ.

ఆగాను.

ఆవిడ కుర్చీలో నుంచి లేచింది. పమిట సర్దుకుంది. మెడలో సూత్రాలు బయటికి తీసి గుప్పిట్లో పట్టుకుంది.

"మేడం, ఆయన ఆయుష్షు కోసమే ఇన్నాళ్ళూ ఆ పేరు పలకలేదు. ఆ ఆయుష్షంతా ఆయన అక్కడ ఒక్కడే కూర్చుని ఖర్చుపెడితే, నేను కాపాడి ఏం లాభం?" అంది.  ఆ తర్వాత, పెనం దగ్గర నుంచి రోడ్డు అవతలికి కేకేసే గొంతుతో అంది.

"కొల్లాటి జోగయ్య. మా ఆయన. పూచీ నాది."

హాల్లో ఇంకో జోగయ్య ఉండి ఉంటే లేచి నిలబడేవాడు. నేను నిలబడే ఉన్నాను కాబట్టి సరిపోయింది. రేవులో ఎంతోమంది పిలిచిన పేరే అది, తిట్టిన పేరే. ఆ నోట వింటే కొత్తగా ఉంది. అప్పుడే బారసాల చేసి పెట్టినట్టుంది.

మా ఆవిడ సూత్రాలను కళ్ళకు అద్దుకుని, వెనక్కి తిరిగి నన్ను పై నుంచి కింది దాకా చూసింది, ఎక్కడైనా పొట్టి అయ్యానేమోనని.

అధికారిణి నవ్వింది. పెద్దగా కాదు, పెదవి చివర. "మా అవ్వ కూడా మా తాతను పేరు పెట్టి పిలవలేదు. ఫలానా అబ్బాయి తండ్రీ అనేది. ఆయన పేరు నాకు బడిలో చేరాకే తెలిసింది" అంది. ఫైలు మళ్ళీ ముందుకు లాక్కుంది. "మరి ఈ పోయినేడు తేదీ?"

"దండలు పోయినేడు మార్చుకున్నాం మేడం, ఫొటో కోసం. కాపురం మాత్రం తుఫానేడాది నుంచీ" అంది మా ఆవిడ.

"పందిరి ఎగిరిన మాట నిజమా?"

"పడిపోయింది మేడం. ఎగరలేదు."

"సరే. పడిన పందిరి నాకు చాలు" అని కంప్యూటరు మీద ఏదో నొక్కింది. "ముబారక్. వెళ్ళి మెడికల్ చేయించుకోండి."

బయటికి వచ్చాక మీరా హుస్సేన్ నా భుజం పట్టుకుని ఊపేశాడు. "బతికిపోయావు బావా! ఇంకో కథ చెప్పుంటే ఆమె నిన్ను కాదు, నన్నే విమానం ఎక్కించుండేది."

మెడికల్లో ఊపిరితిత్తుల ఫొటో తీశారు. అవి ఎంత శుభ్రంగా ఉన్నాయంటే, వాటి వెనక గోడ మీదున్న క్యాలెండరు కూడా ఫొటోలో పడిందని అక్కడివాడు ఆశ్చర్యపోయాడు. వేలిముద్రలు తీసుకున్నారు. గడువు ఇంకా మిగిలి ఉండగానే నా టూరిస్టు హోదా పోయి, నివాసం వచ్చింది. ఇక్కడివాళ్ళు బతాకా అనే గుర్తింపు కార్డు చేతికొచ్చిన సాయంత్రం, దాన్ని జేబులో వేసుకుని మెట్లెక్కి ఇంటికి వెళ్ళాను.

తలుపు సగం తెరిచి ఉంది. గుమ్మానికి అటూ ఇటూ చేతులు ఆనించి మా ఆవిడ నిలబడి ఉంది. పక్కన మీరా హుస్సేన్ భార్య హబీబున్నీసా, నడుం మీద చేతులు పెట్టుకుని. ఆమె మా ఆవిడకు వదిన వరస కలిపి, నన్ను అన్నా అంటుంది.

"ఏంటిది? జరగండి, కాళ్ళు పీకుతున్నాయి" అన్నాను.

"ఇన్నాళ్ళూ చుట్టపు చూపుగా వచ్చారు, ఎలా వచ్చినా సరిపోయింది" అంది మా ఆవిడ. "ఇవాళ కాపురానికి వస్తున్నారు. ఇది నా ఇల్లు. పేరు చెప్పి లోపలికి రండి."

"జోగయ్య."

"మీది కాదు. అది నేను చెప్పేశాను."

"అన్నా, ఆడబిడ్డను నేనుండా" అంది హబీబున్నీసా. "వదిన పేరు జెప్పకపోతే ఈణ్ణించి కదిలేది లేదు. దొడ్డి గుమ్మం కూడా లేదీడ, రెండో అంతస్తు ఇది."

మా దొడ్డి గుమ్మం కథ మా ఆవిడ అప్పటికే చెప్పేసినట్టుంది.

"పేర్లు చెబితే ఏమవుతుందో తెలుసా? మా రేవులో ఒకడు పెళ్ళాం పేరు..."

"కథలు కొట్టు దగ్గర" అంది మా ఆవిడ.

"కఫీల్ గారూ!"

"అది ఉద్యోగం. పేరు."

నోరు తెరిచాను. బల్లకట్టు మీద నిలబడి అవతలి ఒడ్డుకు కేకేసిన గొంతు నాది. ఆ గొంతు నాలుగు అక్షరాల దగ్గర చతికిలబడింది. మొదటిసారి గాలి మాత్రమే వచ్చింది. మా ఆవిడ నవ్వడం లేదు. నా నోటి వైపే చూస్తోంది. అప్పుడు అర్థమైంది, ఇది ఆట కాదని. పెళ్ళిరోజు నుంచి ఆవిడ కూడా ఎదురుచూస్తోందని.

"వీరదుర్గ" అన్నాను.

"వినపడలేదు" అంది హబీబున్నీసా.

"వీరదుర్గా! కొల్లాటి జోగయ్య వచ్చాడు. జరుగు!"

ఆ కేక వెళ్ళి వెనకున్న కొండలకు తగిలి, తిరిగొచ్చి సముద్రం మీద పడింది. ఓడరేవులో క్రేను మీదున్నవాడు, ఎవరో పిలుస్తున్నారనుకుని, పెట్టెను గాలిలోనే ఆపేశాడు.

మా ఆవిడ చేతులు దించి పక్కకు జరిగింది. కళ్ళు తుడుచుకుందేమో చూద్దామనుకునే లోపల ముఖం తిప్పేసుకుంది.

"కుడికాలు పెట్టండి. పెట్టాక చేతులు కడుక్కోండి. పెసరపప్పు నానింది" అంది.

రుబ్బుతూ ఆ క్రేను సంగతి చెప్పాను. క్రేను ఆగిందని నేనంటాను. ఆగలేదని మా ఆవిడ అంటుంది. మా ఆవిడ అనడం దేనికి, వీరదుర్గ అంటుంది.